పోటీలు విరమించిన డెకాథ్లాన్ వీరుడి ఆన్‌లైన్ ఆదరణను అంచనా వేయడం, తెలుగులో పెంచడం ఎలా: రోమన్ షెబర్లె ఉదాహరణగా

నెల్లూరు, ప్రకాశం జిల్లాల్లో అథ్లెటిక్స్ నేర్పే వ్యాయామోపాధ్యాయులను, సాధన చేసే విద్యార్థులను, తమ ఊరి క్రీడల గురించి ఆన్‌లైన్‌లో రాసే యువకులను దృష్టిలో పెట్టుకుని ఈ మార్గదర్శిని రాస్తున్నాను. చెక్ దేశపు డెకాథ్లాన్ వీరుడు రోమన్ షెబర్లె 2013లో పోటీలకు స్వస్తి చెప్పారు. అయినా ఆయన పేరు, ఆయన అంకెలు, ఆయన వీడియోలు ఇంటర్నెట్‌లో ఇప్పటికీ తిరుగుతూనే ఉన్నాయి. అలాంటి క్రీడాకారుడికి ఉన్న ఆదరణ ఎంత, అది దేని మీద నిలబడింది, దాన్ని మన భాషలో సరైన దారిలో ఎలా పెంచవచ్చు అన్న మూడు ప్రశ్నలకు ఆచరణలో పనికివచ్చే సమాధానాలు చెప్పడం నా ఉద్దేశం. డెకాథ్లాన్ అంటే రెండు రోజుల్లో పది ఈవెంట్లు, ఒక్కొక్కదానికి వచ్చే పాయింట్ల మొత్తమే ఫలితం. కాబట్టి ఆ వీరుడిని ఒక్క దూకుతోనో, ఒక్క విసురుతోనో పరిచయం చేస్తే పరిచయం పదోవంతు దగ్గరే ఆగిపోతుంది. ఇక్కడ సూచించే ప్రతి పద్ధతి వెనుకా ఉన్న ఆలోచన ఇదే.

ముందుగా మనిషిని తెలుసుకోవాలి

ఆదరణను కొలిచే ముందు ఆ వ్యక్తి క్రీడాజీవితాన్ని ఒక కాగితం మీద వరుసగా రాసుకోండి. షెబర్లె 1974 నవంబరు 26న అప్పటి చెకొస్లొవేకియాలో జన్మించారు. 2000 సిడ్నీ ఒలింపిక్స్‌లో 8606 పాయింట్లతో రజతం గెలిచారు. స్వర్ణం గెలిచిన ఎస్తోనియా క్రీడాకారుడు ఎర్కి నూల్‌కు, ఆయనకు మధ్య తేడా 35 పాయింట్లు మాత్రమే. 2001 మే 26, 27 తేదీల్లో ఆస్ట్రియాలోని గోట్‌జిస్‌లో 9026 పాయింట్లు సాధించి, డెకాథ్లాన్‌లో 9000 దాటిన తొలి మనిషి అయ్యారు. మన దగ్గర రోహిణి కార్తె ఎండలకు మైదానంలో కాలు పెట్టలేని రోజులవి. 2004 ఏథెన్స్ ఒలింపిక్స్‌లో 8893 పాయింట్లతో స్వర్ణం, 2007లో ఒసాకా ప్రపంచ చాంపియన్‌షిప్‌లో 8676 పాయింట్లతో మరో స్వర్ణం ఆయనకు దక్కాయి. 2002లో మ్యూనిక్‌లో, 2006లో గోథెన్‌బర్గ్‌లో యూరప్ చాంపియన్ కూడా అయ్యారు.

ఆయన ఒంటరిగా పుట్టుకొచ్చిన వీరుడు కాదన్నది కూడా అదే కాగితంలో ఉండాలి. 1992 బార్సిలోనా ఒలింపిక్స్‌లో రాబర్ట్ జ్మెలిక్ చెకొస్లొవేకియా తరఫున డెకాథ్లాన్ స్వర్ణం గెలిచారు. టోమాష్ ద్వోర్జాక్ 1997, 1999, 2001 సంవత్సరాల్లో వరుసగా మూడుసార్లు ప్రపంచ చాంపియన్ అయ్యారు. షెబర్లె బద్దలుకొట్టిన 8994 పాయింట్ల ప్రపంచ రికార్డు కూడా ద్వోర్జాక్‌దే, అది 1999లో ప్రేగ్‌లో నెలకొన్నది. చిన్న దేశం ఒకటి ఒకే క్రీడలో ఒకరి వెంట ఒకరుగా ఇలాంటివారిని నిలబెట్టిందన్న సంగతి తెలిస్తే ఆ దేశంలో షెబర్లెకు ఉన్న గౌరవం మనకు అర్థమవుతుంది. పోటీలు మానిన తరువాత ఆయన ప్రీమా టెలివిజన్‌లో క్రీడావార్తలు చదివారు. అంటే చెక్ ప్రేక్షకులకు ఆయన సాయంత్రం ఇంట్లో కనిపించిన ముఖం కూడా. బయటి ప్రపంచానికి ఆయన 9026 అనే అంకె. ఈ రెండు ఆదరణలూ వేరు వేరు కనుక, ఏ లెక్క చూసినా అది ఎక్కడి జనానికి సంబంధించినదో ముందు అడగాలి.

ఆదరణను కొలిచే పద్ధతి

వెతకడం పేరుతో మొదలుపెట్టండి. చెక్ లిపిలో ఆయన ఇంటిపేరులోని మొదటి ‘ఎస్’ అక్షరంపై చిన్న కొక్కెం ఉంటుంది. ఆ కొక్కెంతో ఒకసారి, అది లేకుండా మరొకసారి, తెలుగులో మరొకసారి వెతికితే వచ్చే ఫలితాలు ఒకేలా ఉండవు. మూడింటినీ చూడకుండా ‘ఈయన గురించి ఏమీ లేదు’ అనే నిర్ణయానికి రాకండి.

రెండవది వికీపీడియా. ప్రతి పేజీని రోజుకు ఎన్నిసార్లు తెరిచారో చూపే లెక్క అందరికీ ఉచితంగా అందుబాటులో ఉంది, 2015 జూలై నుంచి ఆ లెక్కలు దొరుకుతాయి. చెక్ భాషలోని పేజీని, ఆంగ్ల పేజీని, జర్మన్ పేజీని విడివిడిగా చూసి, ఏ నెలల్లో గీత పైకి లేచిందో గుర్తించండి. ఆ తేదీల పక్కన ఆ నెలలో జరిగిన పెద్ద పోటీలను రాసుకోండి. ఒలింపిక్స్ నెలలను, 2018 సెప్టెంబరులో ఫ్రాన్స్ క్రీడాకారుడు కెవిన్ మాయెర్ 9126 పాయింట్లతో ప్రపంచ రికార్డు నెలకొల్పిన రోజులను తప్పక పరిశీలించండి. కొత్త రికార్డు వార్త చదివినవారు పాత రికార్డుల యజమానులను కూడా వెతికే అవకాశం ఉంటుంది కాబట్టి, గీత లేచినా లేవకపోయినా అది మీకు ఒక సమాచారమే.

మూడవది గూగుల్ ట్రెండ్స్, అంటే ఒక పేరు కోసం గూగుల్‌లో వెతకడం ఎప్పుడు పెరిగిందో, ఎప్పుడు తగ్గిందో చూపే పేజీ. ఇక్కడే చాలామంది పొరబడతారు. అందులో కనిపించే 100 అనే అంకె వందమందిని సూచించదు. ఎంచుకున్న కాలంలో ఆ పేరు కోసం వెతకడం అత్యధికంగా ఉన్న సమయాన్ని 100గా తీసుకుని, మిగిలిన కాలాన్ని దానితో పోల్చి చూపుతుంది. శోధనలు మరీ తక్కువగా ఉన్న ప్రాంతానికి అది ఏమీ చూపదు. ఆంధ్రప్రదేశ్‌ను ఎంచుకున్నప్పుడు ఖాళీగా కనిపిస్తే ఇక్కడ ఒక్కరూ వెతకలేదని కాదు, కొలవగలిగినంత మంది వెతకలేదని మాత్రమే అర్థం.

కాలక్రమం కూడా లెక్కలో ఉండాలి. గూగుల్ ట్రెండ్స్ లెక్కలు 2004 నుంచే దొరుకుతాయి. యూట్యూబ్ 2005లో మొదలైంది. అంటే షెబర్లె జీవితంలోని అతి గొప్ప రెండు రోజులు, 2001 మే నెలలోని గోట్‌జిస్ రోజులు, ఆన్‌లైన్ వీడియో వేదికలు పుట్టకముందే గడిచిపోయాయి. ఆనాటి దృశ్యాలు ఏవి కనిపించినా అవి తరువాత ఎవరో ఎక్కించినవే. 2012లో 9039 పాయింట్లతో షెబర్లె రికార్డును దాటిన అమెరికా క్రీడాకారుడు ఆష్టన్ ఈటన్‌కు, 2018లో మాయెర్‌కు ఆ లోటు లేదు, వారు రికార్డు సాధించిన గంటల్లోనే ప్రపంచం దాన్ని ఫోన్లలో చూడగలిగింది. ఈ తేడాను పక్కనపెట్టి వారి వీడియోల వ్యూస్‌ను పక్కపక్కన పెట్టి, ఎక్కువ వ్యూస్ ఉన్నవాడే ఎక్కువ గొప్పవాడని రాయడం అన్యాయం. పోల్చవలసి వస్తే ఒకే సంవత్సరంలో, ఒకే ఛానెల్‌లో ఎక్కించిన వీడియోలను మాత్రమే పోల్చండి.

చిన్న వీడియోను పరీక్షించడం

రీల్స్‌లో, షార్ట్స్‌లో వచ్చే ముప్పై సెకన్ల ముక్క చేతికి దొరికినప్పుడు అది ఏ పోటీలోనిదో తేల్చకుండా ముందుకు పంపకండి. తెర మీద కనిపించే పోటీ పేరు, వెనుక ఉన్న ప్రకటనల బోర్డులు, బనియన్ మీది గుర్తు, దూరాన్ని చూపే ఫలకం మీది అంకె, వీటిలో ఏవైనా రెండు ఆధారాలు దొరికితే చాలు. ఆ అంకెను ప్రపంచ అథ్లెటిక్స్ సంస్థ వెబ్‌సైటులోని ఆయన ఫలితాలతో సరిచూడండి. ఉదాహరణకు ఫలకం మీద లాంగ్‌జంప్ 8.11 మీటర్లు అని కనిపిస్తే అది గోట్‌జిస్ 2001తో సరిపోతుంది, 7.84 అని ఉంటే ఏథెన్స్‌తో సరిపోతుంది. శీర్షికలో ఒకటి, ఫలకంలో మరొకటి ఉంటే శీర్షికను వదిలి ఫలకాన్నే నమ్మండి.

షెబర్లె విషయంలో ఎక్కువ జాగ్రత్త అవసరమైన కథ ఒకటుంది. 2007 జనవరిలో దక్షిణాఫ్రికాలో సాధన చేస్తుండగా మరొకరు విసిరిన జావెలిన్ ఆయన భుజంలో గుచ్చుకుంది. ఇలాంటి వార్త వినగానే ఎవరైనా మరొకరికి చెబుతారు, అది మనిషి సహజ స్వభావం. కానీ ఆ ప్రమాదాన్ని మాత్రమే పెట్టి, భయం పుట్టించే సంగీతం జోడించి వీడియో చేస్తే ఆయన జీవితంలో అతి చిన్న భాగాన్ని అతి పెద్దదిగా చూపినట్టవుతుంది. అదే సంవత్సరం ఆగస్టు, సెప్టెంబరు రోజుల్లో ఒసాకాలో ఆయన అదే జావెలిన్‌ను 71.18 మీటర్లు విసిరి 907 పాయింట్లు సంపాదించి, జమైకా క్రీడాకారుడు మారిస్ స్మిత్‌ను 32 పాయింట్ల తేడాతో దాటి ప్రపంచ చాంపియన్ అయ్యారు. ప్రమాదం గురించి రాసే ప్రతిచోటా ఒసాకా గురించి కూడా రాయాలన్నది నా గట్టి అభిప్రాయం. ఒసాకా లేకుండా ఆ కథ సగమే.

వ్యాయామోపాధ్యాయులు ఆ కథను మరొక పనికి కూడా వాడుకోవచ్చు. విసిరే దిశలో ఎవరూ లేరని చూసుకున్న తరువాతే విసరాలి, అందరూ విసిరి ముగించాకే అందరూ కలిసి వెళ్లి జావెలిన్లు తెచ్చుకోవాలి అన్న నియమాన్ని ఒలింపిక్ చాంపియన్‌కు జరిగిన సంఘటనతో చెబితే పిల్లలకు బాగా నాటుకుంటుంది. ఒకే మైదానంలో ఒకవైపు క్రికెట్, మరోవైపు పరుగు, ఇంకోవైపు విసుర్లు సాగే మన పాఠశాలల్లో ఈ మాట తరచుగా చెప్పవలసినదే.

అంకెలతో కథ చెప్పడం

ఈ పనిలో అన్నిటికన్నా రుచికరమైన భాగం ఇదే కాబట్టి దీనికి ఎక్కువ సమయం కేటాయించండి. గోట్‌జిస్‌లో షెబర్లె తొలిరోజు 100 మీటర్లను 10.64 సెకన్లలో పరుగెత్తి 942 పాయింట్లు, లాంగ్‌జంప్‌లో 8.11 మీటర్లకు 1089, షాట్‌పుట్‌లో 15.33 మీటర్లకు 810, హైజంప్‌లో 2.12 మీటర్లకు 915, 400 మీటర్లలో 47.79 సెకన్లకు 919 పొందారు. తొలిరోజు మొత్తం 4675. రెండవరోజు 110 మీటర్ల హర్డిల్స్‌లో 13.92 సెకన్లకు 985, డిస్కస్‌లో 47.92 మీటర్లకు 827, పోల్‌వాల్ట్‌లో 4.80 మీటర్లకు 849, జావెలిన్‌లో 70.16 మీటర్లకు 892, చివరిగా 1500 మీటర్లలో 4 నిమిషాల 21.98 సెకన్లకు 798 వచ్చాయి. కూడితే 9026.

ఇప్పుడు దీని పక్కన ఏథెన్స్ అంకెలను పెట్టండి. ఏథెన్స్‌లో షాట్‌పుట్‌లో 16.36 మీటర్లకు 873, డిస్కస్‌లో 48.72 మీటర్లకు 844, పోల్‌వాల్ట్‌లో 5.00 మీటర్లకు 910, జావెలిన్‌లో 70.52 మీటర్లకు 897 వచ్చాయి. ఈ నాలుగింటిలోనూ ఆయన ప్రపంచ రికార్డు నాటికన్నా మెరుగ్గా ఉన్నారు. హైజంప్ అదే 2.12. అయినా మొత్తం 133 పాయింట్లు తగ్గింది. ఎందుకు? 1500 మీటర్లు 4 నిమిషాల 40.01 సెకన్లు పట్టి 680 పాయింట్లే వచ్చాయి, అంటే ఒక్క ఆ పరుగులోనే 118 పాయింట్లు పోయాయి. 100 మీటర్లు, లాంగ్‌జంప్, 400 మీటర్లు, హర్డిల్స్‌లో తగ్గినవి కొన్ని, విసుర్లలోను పోల్‌వాల్ట్‌లోను పెరిగినవి కొన్ని కలిసి మిగిలిన తేడా వచ్చింది. అయినా ఆ 8893 బ్రిటన్ క్రీడాకారుడు డేలీ థాంప్సన్ పేరిట 1984 నుంచి ఉన్న ఒలింపిక్ రికార్డును దాటింది, అమెరికా క్రీడాకారుడు బ్రయన్ క్లేను 8820 వద్ద రెండవ స్థానంలో ఉంచింది. ఒకే మనిషి మూడేళ్ల తేడాతో రెండు వేరు వేరు దారుల్లో గెలిచాడన్న సంగతి ఏ చిన్న వీడియోలోనూ కనిపించదు, పట్టికలో మాత్రమే కనిపిస్తుంది. కాబట్టి మీరు తెలుగులో చేసే ప్రతి పోస్టులో, వీడియో ఎంత చిన్నదైనా, దాని కింద పది అంకెలనూ ఇవ్వండి.

పాయింట్లు ఎలా వస్తాయో కూడా ఒకసారి వివరించాలి. పరుగు పందేలకు ఒక నిర్ణీత సమయం నుంచి క్రీడాకారుడి సమయాన్ని తీసివేసి, వచ్చిన సంఖ్యను ఒక ఘాతానికి హెచ్చించి, ఒక స్థిరాంకంతో గుణిస్తారు. 100 మీటర్లకు ఆ నిర్ణీత సమయం 18 సెకన్లు, ఘాతం 1.81, స్థిరాంకం 25.4347. 18 నుంచి 10.64 తీసివేస్తే 7.36, దాన్ని ఘాతానికి హెచ్చించి స్థిరాంకంతో గుణిస్తే 942 పైన కొద్దిగా వస్తుంది, దశాంశాలను వదిలేస్తారు. దూకుళ్లకు, విసుర్లకు మాత్రం సాధించిన కొలత నుంచి నిర్ణీత కొలతను తీసివేస్తారు. ఇంటర్ చదివే విద్యార్థి దగ్గర సైంటిఫిక్ కాలిక్యులేటర్ ఉంటే ఈ లెక్క తానే చేసి చూడగలడు. ఆన్‌లైన్‌లో డెకాథ్లాన్ పాయింట్ల కాలిక్యులేటర్లు కూడా దొరుకుతాయి, అయితే మొదట ఒక్కటైనా చేత్తో చేయించడం మంచిది.

మన మైదానంతో ముడిపెట్టడం

దూరదేశపు వీరుడి అంకె పాఠకుడి కంటికి ఆనాలంటే దాన్ని ఇక్కడి నేల మీద చూపాలి. నెల్లూరులోని ఏ.సి. సుబ్బారెడ్డి స్టేడియంలోనైనా, కావలిలోనో కనిగిరిలోనో ఉన్న ఏ కళాశాల మైదానంలోనైనా టేపు పట్టి 8.11 మీటర్లు కొలిచి, రెండు చివర్లా సున్నంతో గీతలు గీసి ఫొటో తీయండి. జావెలిన్ దూరం 70.16 మీటర్లను కూడా అలాగే గుర్తించి, ఆ చివర ఒక విద్యార్థిని నిలబెట్టండి. 2.12 మీటర్ల ఎత్తుకు గీత అవసరం లేదు, ఏడడుగుల ద్వారబంధం పై అంచు దాదాపు అంతే ఉంటుంది. ఇలాంటి ఫొటో ఒకటి, కింద రెండు వాక్యాలు, వేరే ఎక్కడినుంచో తెచ్చిన పోస్టరు కన్నా మన పిల్లలను ఎక్కువసేపు ఆపుతుంది.

స్థానిక విద్యార్థుల అంకెలను షెబర్లె అంకెల పక్కన పెట్టేటప్పుడు మాత్రం రెండు విషయాల్లో న్యాయంగా ఉండాలి. మొదటిది పరికరాల బరువు. పెద్దల షాట్ 7.26 కిలోలు, డిస్కస్ 2 కిలోలు, జావెలిన్ 800 గ్రాములు. పద్దెనిమిదేళ్లలోపు బాలురు విసిరే షాట్ 5 కిలోలు, జావెలిన్ 700 గ్రాములు. బరువు రాయకుండా దూరాలను పోల్చితే తప్పుదారి పట్టించినట్టే. రెండవది సమయం కొలిచే తీరు. పెద్ద పోటీల్లో ఎలక్ట్రానిక్ గడియారం ఉంటుంది, మన మైదానాల్లో చాలాచోట్ల స్టాప్‌వాచ్. చేతి గడియారం సమయానికి 100 మీటర్లలోను, 110 మీటర్ల హర్డిల్స్‌లోను 0.24 సెకన్లు, 400 మీటర్లలో 0.14 సెకన్లు కలిపి లెక్క వేస్తారు. ఒక విద్యార్థి స్టాప్‌వాచ్‌తో 11.4 సెకన్లు పరుగెత్తాడనుకుందాం. నేరుగా లెక్క వేస్తే 774 పాయింట్లు వస్తాయి, 11.64గా సరిచేస్తే 723 మాత్రమే. 51 పాయింట్ల తేడా చిన్నది కాదు. ఈ సవరణ చూపిన పోస్టు మీద కోచ్‌లకు నమ్మకం కుదురుతుంది, వారే తరువాత మీకు అంకెలు పంపుతారు.

పోల్‌వాల్ట్‌కు కావలసిన మెత్తని పరుపులు అన్ని మైదానాల్లోనూ ఉండవు. అవి లేనిచోట ఆ ఈవెంటును చేయించకండి, తొమ్మిది ఈవెంట్ల లెక్కనే తొమ్మిదిగా చెప్పి పెట్టండి. ఇక భారతీయుల పేర్లు కూడా అదే పేజీలో ఉండటం అవసరం. గుర్బచన్ సింగ్ రంధావా 1962లో, విజయ్ సింగ్ చౌహాన్ 1974లో ఆసియా క్రీడల డెకాథ్లాన్ స్వర్ణాలు గెలిచారు. 2023లో హాంగ్‌జౌలో జరిగిన ఆసియా క్రీడల్లో తేజస్విన్ శంకర్ 7666 పాయింట్లతో అప్పటి జాతీయ రికార్డు నెలకొల్పి రజతం తెచ్చారు. అవే క్రీడల్లో మహిళల హెప్టాథ్లాన్‌లో, అంటే ఏడు ఈవెంట్ల పోటీలో, తెలంగాణ అమ్మాయి అగసర నందిని కాంస్యం గెలిచింది. షెబర్లె కోసం వచ్చిన పాఠకుడు నందిని గురించి చదివి వెళితే ఆ పేజీ తన పని చక్కగా చేసినట్టే.

ఫొటోలు, వీడియోల హక్కులు

ఒలింపిక్స్, ప్రపంచ చాంపియన్‌షిప్ దృశ్యాలకు హక్కుదారులు ఉంటారు. వాటిని కోసి మీ ఛానెల్‌లో ఎక్కించకండి, అధికారిక ఛానెల్‌లోని వీడియోకు లింకు ఇచ్చి, ఏ నిమిషం దగ్గర ఏ ఈవెంటు ఉందో తెలుగులో రాయండి. ఫొటోల కోసం వికీమీడియా కామన్స్ అనే ఉచిత ఫొటోల భండారంలో వెతికి, ప్రతి ఫొటో కింద ఉన్న లైసెన్సు షరతులను చదివి, తీసినవారి పేరును తప్పక ఇవ్వండి. తెలుగు వికీపీడియాలో ఆయన పేజీ ఉందో లేదో చూసి, లేకపోతే మొదలుపెట్టండి, ఉంటే పది ఈవెంట్ల పట్టికను చేర్చండి. రీల్ రెండు రోజులకు కిందికి జారిపోతుంది, వికీపీడియా పేజీని మాత్రం వెతికేవారు వెతికిన ప్రతిసారీ చూస్తారు.

రాసినదాన్ని తాజాగా ఉంచడం

రికార్డుల గురించి రాసేటప్పుడు ‘ప్రపంచ రికార్డు’ అని ఊరుకోకుండా ‘2001 మే నుంచి 2012 జూన్ వరకు ప్రపంచ రికార్డు’ అని రాయండి. ఏథెన్స్ నాటి 8893 విషయంలోనూ అంతే. 2016 రియో ఒలింపిక్స్‌లో ఈటన్ సరిగ్గా అవే 8893 పాయింట్లు సాధించి దాన్ని సమం చేశారు, 2021లో జరిగిన టోక్యో ఒలింపిక్స్‌లో కెనడా క్రీడాకారుడు డామియన్ వార్నర్ 9018తో దాటారు. షెబర్లెను ఇప్పటికీ ఒలింపిక్ రికార్డు యజమాని అని చెప్పే పాత పోస్టు మీకు కనిపిస్తే, రాసినవారిని తప్పుపట్టకుండా ఈ రెండు తేదీలనూ మర్యాదగా కింద రాయండి. మీ పేజీలో మార్పు చేసినప్పుడు మార్చిన తేదీని చివర పెట్టండి. ఏటా మే చివర గోట్‌జిస్ పోటీలు ముగిసిన వారంలో ఒకసారి, ప్రపంచ చాంపియన్‌షిప్ లేదా ఒలింపిక్స్ ముగిసిన వారంలో మరొకసారి పట్టికలన్నిటినీ తిరిగి చూసుకుంటే సరిపోతుంది.